దీపాల గది దొర

ఆ బొగ్గుబాయిలోకి దిగే ప్రతి మనిషీ ముందు సారక్క కిటికీ దగ్గర ఆగాలి. ఆమె అతని నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ళ ఇస్తుంది. తలటోపీకి తగిలించుకునే దీపం ఇస్తుంది. షిఫ్టు అయ్యాక రెండూ తిరిగి తీసుకుంటుంది. బిళ్ళ వచ్చి గోడమీది కొక్కేనికి చేరితే మనిషి పైకి వచ్చినట్టు. కొక్కెం ఖాళీగా ఉంటే మనిషి ఇంకా కింద ఉన్నట్టు. ఆఖరి కొక్కెం నిండేదాకా సారక్క ఇంటికి పోదు.

బిళ్ళ ఇచ్చేటప్పుడు ఆమె ఒక మాట అంటుంది.

"పోయి రా, వీరేందర్."

"పోయి రా, కోటేష్."

నంబరుతో పిలవదు. పేరు పెట్టి అంటుంది. ఇది ఆమె ఉద్యోగంలో భాగం కాదు, ఎవరూ అనమని చెప్పలేదు. మొదటి రోజు నోటికి వచ్చింది. తర్వాత మానలేదు.

టేకులపల్లి దాటాక అడవి అంచున ఉంటుంది ఆ బాయి. ఒకప్పుడు సారక్క భర్త ముత్యాలు అందులో బొగ్గు తవ్వేవాడు. ఒకనాడు పైకప్పు రాయి జారి అతని కాలిమీద పడింది. చివరికి మోకాలి కింద తీసేశారు. అన్‌ఫిట్ చేసి ఇంటికి పంపారు. అతని ఉద్యోగం ఆమెకు వచ్చింది. మొదట ఆఫీసు ఊడ్చే పని ఇచ్చారు. దీపాల గది చూసే పెద్దమనిషి రిటైర్ అయ్యే ముందు ఆమెకు పని నేర్పి పోయాడు. బ్యాటరీ ఎప్పుడు నిండిందో చెయ్యి పెట్టి చూసి చెప్పడం, తీగ ఎక్కడ చితికిందో వేళ్ళతో తడిమి పట్టుకోవడం, అద్దం తుడవడం. ఆడమనిషి చేతి దీపమా అని మొదట్లో కొందరు సణిగారు. సారక్క వాళ్ళతో వాదించలేదు. ఆమె ఇచ్చిన దీపం కింద ఆరిపోయిందని ఇంతవరకు ఒక్కరూ అనలేదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోదు. చెప్పుకోవాల్సిన అవసరం లేదని ఆమె నడకను చూస్తే తెలుస్తుంది.

ఆ గదిలో ఎలుకలు ఎక్కువ. దీపాల తీగమీది రబ్బరు వాటికి ఇష్టం. వానాకాలంలో ఒక పిల్లి వచ్చి, బ్యాటరీలు పెట్టే అరల వెనక, వెచ్చగా ఉన్న చోట ఈనింది. కళ్ళు తెరిచాక పిల్లల్ని ఒక్కొక్కదాన్నే నోట కరుచుకుని అడవి వైపు తీసుకుపోయింది. ఒకదాన్ని మాత్రం తీసుకుపోలేదు. మరిచిపోయిందో, వదిలేసిందో తెలియదు.

ఆ మిగిలిన పిల్ల బూడిద రంగుది. పొద్దంతా సారక్క కుర్చీలో పడుకునేది. ఆమె నిలబడి పనిచేసేది.

"కుర్చీల ఎవరక్కా?" అని కిటికీలోంచి తొంగిచూసి అడిగాడు కోటేష్ ఒకరోజు.

"దొర," అంది సారక్క.

బాయి మేనేజరును అక్కడి వాళ్ళు ఇప్పటికీ దొర అనే అంటారు. ఆ పేరు పిల్లికి నిలిచిపోయింది.

"దొర ఇంక లేవలేదా?"

"దొరకు మస్టర్ల హాజరు పడ్డదా?"

"నిద్రపోతె గూడ మస్టర్ పడేది దొరకే గదా."

రోజూ ఇవే మాటలు. దొర ఒక కన్ను తెరిచి చూసి మూసుకునేవాడు. అయితే అరల కింద గీరిన చప్పుడైతే మాత్రం రెండు చెవులూ లేచేవి. రెండు నెలల పిల్లి తన సగమంత ఉన్న పందికొక్కును గడప దాకా ఈడ్చుకొచ్చిన రోజు, సారక్క దాన్ని చీపురుతో తీసి అవతల వేసే ముందు, బిళ్ళ కోసం వచ్చిన ప్రతివాడికీ చూపించింది.

ఒక్కటే చిక్కు. బాయికి దిగేవాళ్ళకు పిల్లి ఎదురు రాకూడదు. వస్తే దిగరు. తిరిగి కిటికీ దగ్గరికి వచ్చి బిళ్ళ వాపసు ఇస్తారు. సారక్క దాన్ని కొక్కేనికి తగిలించాలి. వాళ్ళు బల్లమీద కాసేపు కూర్చుని, నీళ్ళు తాగి, అప్పుడే ఇంటినుంచి వచ్చినట్టు మళ్ళీ వచ్చి బిళ్ళ అడుగుతారు. అలా చేస్తే చూసిన శకునం పోతుందని నమ్మకం. షిఫ్టు పని చూసుకునే ఓవర్‌మన్ వెంకటేశ్వరరావుది సత్తుపల్లి వైపు. ఆయనకు ఇది అసలు పడదు.

"ఒక్క పిల్లి అటూ ఇటూ తిరిగితే షిఫ్టంతా పావుగంట ఆలస్యం. దాన్ని ఉంచుకుంటే లోపలే ఉంచుకో తల్లీ," అన్నాడాయన.

సారక్క ఒప్పుకుంది. ఆఖరి మనిషి దిగేదాకా తలుపుకు అడ్డంగా ఒక చెక్కపలక పెట్టేది. అందరూ పోయాక పలక తీసేది. దొర అప్పుడు బయటికి వచ్చి ఒళ్ళు విరుచుకునేవాడు.

చలికాలం ఒక పొద్దున, మంచు ఇంకా విడవలేదు. ఎలక్ట్రీషియన్ హీరాలాల్ కొత్త దీపాల పెట్టె తెచ్చి లోపల పెట్టి పోయాడు. పోతూ పలకను సరిగా పెట్టలేదు. సారక్క కిటికీ దగ్గర బిళ్ళలు ఇస్తూ ఉంది. చూడలేదు.

దీపాల గదికి, బాయి మూతికి మధ్య పట్టాలు ఉంటాయి. బొగ్గు టబ్బుల్ని లాగే హాలేజీ ఇనుప తాడు ఆ పట్టాల మధ్య రోలర్లమీద నడుస్తుంది. మనుషులు పట్టాలు దాటి దిగుడుబాట వైపు పోతారు. దొర సరిగ్గా వాళ్ళు దాటే చోటికి వచ్చాడు.

అందరికంటే ముందు దేవ్లా ఉన్నాడు. దేవ్లా తండానుంచి వచ్చేవాడు. పైకప్పుకు దిమ్మెలు నిలబెట్టే పని అతనిది. పని మొదలుపెట్టే ముందు ఒక పొడవాటి కర్రతో కప్పును తట్టి, చప్పుడు విని, రాయి గట్టిగా ఉందో వదులుగా ఉందో చెప్తాడు. అందరూ అతని వెనక నడుస్తారు. అతను ఆగితే అందరూ ఆగుతారు. శకునాల పట్టింపు కూడా అందరికంటే అతనికే ఎక్కువ.

పిల్లి ఇంకా దాటలేదు. దాటకముందే మళ్ళిస్తే దోషం లేదనుకున్నాడు దేవ్లా. కర్రను దానికి అడ్డంగా విసిరాడు. కర్ర పట్టామీద పడి మోగింది. పిల్లి బెదిరి పక్కకు ఎగిరింది. రోలరు పక్కన గుంటలో పడింది. అదే సమయానికి తాడు కదిలింది.

ఆ అరుపు సారక్క ఇదివరకు వినలేదు. కానీ ఎవరిదో తెలిసింది.

ఆమె కిటికీ వదిలి బయటికి ఉరికింది. పిల్లి దగ్గరికి పోలేదు. ముందు గంట తీగ దగ్గరికి పోయింది. ఒక్కసారి గుంజింది. ఒక గంట అంటే ఆపు అని. ఇంజను గదిలో ఆపరేటరు బ్రేకు వేశాడు. తాడు ఆగింది. అప్పుడు పోయి మోకాళ్ళమీద కూర్చుని, తాడుకూ రోలరుకూ మధ్య చిక్కిన ముందుకాలిని విడిపించింది. దొర ఆమె చేతిని కరిచాడు. కరవనిచ్చింది.

వెంకటేశ్వరరావు పరుగెత్తుకొచ్చాడు.

"ఎవరికేమైంది? ఎవరు?"

"దొరకు సార్," అన్నారు ఎవరో.

ఆయన ఒక్క క్షణం నిజంగా భయపడ్డాడు. తర్వాత సారక్క ఒడిలో ఉన్నదాన్ని చూశాడు.

"పిల్లికోసం హాలేజీ ఆపావా సారక్కా? ఏంటమ్మా ఇది?"

"రోలర్ల ఏదన్న చిక్కితె ఆపాలని మీరే చెప్పిన్రు సార్."

"ఏదన్నా అంటే పిల్లి అనా?"

"పిల్లి అని నేను చూడలే సార్. చిక్కిందని చూసిన."

ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.

ఫస్ట్ ఎయిడ్ గదిలో ఉండే శ్రీశైలం పోటీల్లో కప్పులు గెలిచిన మనిషి. మనుషులకు కట్టు కట్టడంలో అతని చెయ్యి పేరున్న చెయ్యి. పిల్లి కాలు చిన్నది. రెండు పుల్లలు పెట్టి, దూది చుట్టి, గట్టిగా కాకుండా కట్టాడు. జ్వరం గోళీ ఒకటి విరిచి సగం సారక్క చేతిలో పెట్టాడు.

"నొప్పికి మనమేసుకునేదే. నీళ్ళల్ల కలిపి తాపు."

సారక్క దాన్ని కొంగుకు ముడి వేసుకుంది. మనిషి గోళీ పిల్లికి సరిపోతుందో లేదో, అడిగి ఇద్దాం అనుకుంది.

ఓవర్‌మన్ ఆమెను సెలవు పెట్టి పొమ్మన్నాడు. ఆమె పోలేదు. బిళ్ళలు ఇచ్చింది తనే. అవి కొక్కేలకు చేరేదాకా కదలనంది. ఆ పూట దొర ఆమె కాళ్ళ దగ్గర పాత టోపీలో, గుడ్డలో చుట్టుకుని పడి ఉన్నాడు. ఆమె వంగి వంగి చూసింది. షిఫ్టు అయ్యాక మనుషులు పైకి వచ్చి బిళ్ళలు ఇస్తూ తొంగిచూశారు. ఎవరూ మస్టర్ గురించి అడగలేదు. దేవ్లా చివర వచ్చాడు.

"నేను కొట్టలె అక్కా. మర్లగొట్టిన, అంతే."

సారక్క బిళ్ళ తీసుకుని కొక్కేనికి తగిలించింది. అతని వైపు చూడలేదు.

ఆ సాయంత్రం ఆమె దొరను తీసుకుపోయేసరికి, మండలంలో పశువుల దవాఖానా డాక్టరు అప్పుడే ఒక బర్రెను చూసి చేతులు కడుక్కుంటున్నాడు. పిల్లిని బల్లమీద పెట్టమన్నాడు. కట్టు విప్పి చూసి పెదవి విరిచాడు. నొప్పికి సూది వేశాడు.

"గోళీ ఏమైనా ఇచ్చారా?"

సారక్క కొంగుముడి విప్పి చూపించింది.

"మంచి పని చేశావమ్మా ఇవ్వకుండా. ఈ గోళీ మనకు మందు, పిల్లికి విషం. ఇచ్చి ఉంటే కాలు సంగతి తర్వాత, పిల్లే దక్కేది కాదు." ఆయన ఆ ముక్కను చెత్తబుట్టలో వేశాడు. "ఎముక నుజ్జయింది. నా దగ్గర ఫోటో మిషను లేదు. ఖమ్మం తీసుకుపో. అక్కడ కుక్కలు, పిల్లులు చూసే డాక్టరమ్మ ఉంది."

తెల్లారి సారక్క సెలవు పెట్టి బస్సు ఎక్కింది. టోపీ ఒడిలో పెట్టుకుంది. ముత్యాలు బాయికి పెట్టుకుపోయిన టోపీ అది. దానిమీద ఒక పక్క సొట్ట ఇంకా ఉంది. దొర దానిలో సరిగ్గా సరిపోయాడు.

"ఏందమ్మా, టోపీకి టికెట్టా?" అన్నాడు కండక్టరు.

"టోపీల దొర ఉన్నడు."

కండక్టరు తొంగిచూశాడు. "దొరకు టికెట్ లేదు గని, ఒర్లితె కారేపల్లిల దింపుత."

పక్కసీట్లో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. మిర్చి బస్తాలు ముందే లారీలో మార్కెట్‌కు పంపి, తను బస్సులో పోతున్నాడు. అతని బట్టలనిండా మిరప ఘాటు. దొర తుమ్మాడు. పెద్దాయన జాలిగా చూశాడు.

"కాలు పోయినట్టే ఉంది బిడ్డా. దీనిమీద ఇంత తిరుగుడు దేనికి? మూడు కాళ్ళ పిల్లి ఎలుకను పట్టదు. ఎలుకను పట్టని పిల్లితోటి ఏం పని?"

"మా ఇంటాయన గూడ ఇప్పుడు బొగ్గు తవ్వడు," అంది సారక్క. "ఉంచుకున్న గదా."

పెద్దాయనకు అర్థం కావడానికి కొంత దూరం పట్టింది. అర్థమయ్యాక నవ్వలేదు. తన కండువా తీసి, మిరప దుమ్ము ఆ వైపు పోకుండా టోపీకి అడ్డంగా పట్టుకున్నాడు. ఖమ్మం వచ్చేదాకా అలాగే పట్టుకున్నాడు.

డాక్టరమ్మ పేరు మధులత. ఆమె ముందు అడిగిన మాట, "పిల్లి ఎవరిదమ్మా?"

సారక్క తడుముకుంది. బాయిది అనబోయింది. దీపాల గదిది అనబోయింది. ఇన్నాళ్ళూ ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. బస్సులో పెద్దాయనతో, ఉంచుకున్న గదా అని అన్నది గుర్తొచ్చింది.

"నాది," అంది.

ఆ మాట అన్నాక ఆమె వీపు కొంచెం నిటారైంది.

ఫోటో తీశారు. డాక్టరమ్మ దాన్ని వెలుగుకు ఎత్తి చూపించింది. ఎముక ఉండాల్సిన చోట పిడికెడు బియ్యం చల్లినట్టు ఉంది. తర్వాత ఆమె దొర కాలివేళ్ళను పటకారుతో గట్టిగా నొక్కింది. దొర కాలు లాక్కోలేదు. అరవలేదు. ఎటో చూస్తున్నాడు.

"మూడు దారులు ఉన్నాయి," అంది మధులత. "హైదరాబాద్ తీసుకుపోతే లోపల కడ్డీ వేసి ఎముక నిలబెట్టాలని చూస్తారు. నెలలపాటు బోనులో ఉంచాలి. మళ్ళీ ఆపరేషన్ పడొచ్చు. అయినా కాలు పనిచేస్తుందని నేను చెప్పలేను. వేళ్ళకు స్పర్శ లేదు. రెండోది, భుజం దగ్గర తీసేయడం. అది నేను ఇక్కడే చేస్తాను. మూడోది మీకు తెలిసే ఉంటుంది. సూది వేసి నిద్రపుచ్చడం. చెప్పాలి కాబట్టి చెప్తున్నా."

"మీ పిల్లి అయితె ఏం చేస్తరు మేడం?"

"తీసేస్తాను. కానీ నేను రోజూ చేసే పని అది. నా నోట తేలికగా వస్తుంది. మీరు ఆలోచించుకోండి."

సారక్క బయటికి వచ్చి మెట్లమీద కూర్చుంది. ఎదురుగా కోచింగ్ కాలేజీ పిల్లలు పుస్తకాలు పట్టుకుని గుంపుగా పోతున్నారు. ఆమె మనసు మొదటి దారి వైపే పోతోంది. కాలు ఉంచాలి. దేవుడిచ్చిన కాలు. హైదరాబాద్ ఎంత దూరం? పోతే పోవచ్చు. ముత్యాలుకు ఫోన్ చేసింది. ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

ముత్యాలు అడిగింది ఒక్కటే.

"వేళ్ళు నొక్కితె కాలు గుంజుకుంటున్నదా?"

"లేదు. ఎవరి కాలో నొక్కినట్టు చూస్తున్నడు."

"అయితె తీసేయమను."

"నువ్వే అంటున్నవా గా మాట?"

"నేను గాక ఇంకెవడు అంటడే? నా కాలు నిలబెడతమని ఎన్ని నెలలు మంచంల పెట్టిన్రు? ఇయ్యాల నయమైతది, రేపు నయమైతది అని. గా నెలలన్ని నేను కాలు లేక ఏడ్వలె. కాలు ఉండి ఏడ్చిన. తీసేసిన నాడు నిద్రపోయిన."

ఆ రోజు ఆమెకు గుర్తుంది. ఆమె దవాఖానా వరండాలో కూర్చుని ఏడ్చింది. అతను లోపల నిద్రపోతున్నాడు. ఇన్నేళ్ళూ ఆమె దాన్ని మందు నిద్ర అనుకుంది.

"ఇన్నావా?" అన్నాడు ముత్యాలు.

"ఇన్న."

"దొరకు చెప్పు. ఈ లైన్ల ముత్యాలు సీనియర్ అని."

ఆమె కళ్ళు తుడుచుకుని నవ్వింది. లేచి లోపలికి పోయింది.

"తీసేయండి మేడం," అంది. ఎక్కడా తడబడలేదు.

ఆపరేషన్ ఆ మధ్యాహ్నమే అయింది. సారక్క తలుపు బయట కూర్చుంది. అవసరం లేదు, తినేసి రండి అని అటెండరు చెప్పాడు. ఆమె లేవలేదు. లోపలికి పోయినవాడు బయటికి వచ్చేదాకా కూర్చోవడం ఆమెకు వచ్చిన పని. తలుపు తెరుచుకుని మధులత గుడ్డలో చుట్టిన దొరను తెచ్చి చూపించింది. ఊపిరి మెల్లగా ఆడుతోంది. ఒక పక్కంతా గొరిగేశారు. భుజం ఉన్న చోట కుట్లు ఒక వరసలో ఉన్నాయి. చిన్నప్పుడు సారక్క తల్లి గోనెసంచులు కుట్టేది. అంత నీటుగా కుట్టు పడిందంటే చెయ్యి మంచిదని ఆమెకు తెలుసు.

"మంచిగ కుట్టినవమ్మా," అంది. డాక్టరమ్మ సిగ్గుపడింది.

మూడో రోజు సారక్క పనికి పోయింది. దొరను ఇంట్లో ముత్యాలు దగ్గర వదిలింది. కిటికీ తెరిచింది. మనుషులు వచ్చారు. ఎట్ల ఉన్నడు అని అడిగారు. ఉన్నడు అంది. బిళ్ళ ఇచ్చింది, దీపం ఇచ్చింది, పోయి రా అన్న మాట ఇచ్చింది.

దేవ్లా వచ్చాడు. ఆమె అతని బిళ్ళ కిటికీ బల్లమీద పెట్టింది. దీపం పెట్టింది. నోరు తెరవలేదు.

దేవ్లా బిళ్ళ తీసుకోలేదు. అక్కడే నిలబడ్డాడు. వెనక వరస ఆగిపోయింది.

"ఏందిరా, జరుగు," అన్నాడు కోటేష్. "టైమైతుంది."

దేవ్లా కదల్లేదు. "అక్కా, ఆ మాట అను."

సారక్క దీపం అద్దం తుడుస్తోంది.

"అక్కా. మాట రాకుంటె నేను దిగ."

"పిల్లికి భయపడితివి. ఇప్పుడు మాట లేకున్నా భయమేనా?"

"భయమే." అతను దాచుకోలేదు. "కప్పు కింద నేనే ముందు నిలబడత. నాకు అన్నిటికి భయమే అక్కా. భయం ఉన్నందుకే కర్రతోటి ఇంత తట్టి చూస్త."

వరసలో ఎవరూ నవ్వలేదు. అతని వెనక నిలబడ్డ ప్రతివాడూ ఆ భయం మీదే ఇన్నేళ్ళు ఇంటికి చేరాడు. ఆ సంగతి వాళ్ళకు తెలుసు. సారక్కకూ తెలుసు. ముత్యాలుమీద రాయి పడిన రోజు ఆ చోట అలా తట్టి చూసినవాడు లేడు.

ఆమె గుడ్డ పక్కన పెట్టింది.

"పోయి రా, దేవ్లా."

అతను బిళ్ళ తీసుకుని పోయాడు. ఆమెకు కోపం పోలేదు. కానీ ఒక మనిషిని మాట లేకుండా కిందికి పంపలేకపోయింది. తన కోపానికి ఒక హద్దు ఉందని ఆ రోజు తెలిసింది. ఆ హద్దు చూసి ఆమెకు లోలోపల సంతృప్తిగా అనిపించింది.

ఇంటి దగ్గర దొర, కుట్లు నాకకుండా మెడకు గొడుగులాంటి అట్ట కట్టుకుని తిరుగుతున్నాడు. నడిస్తే మొదట్లో ముందుకు ముక్కుమీద పడేవాడు. సారక్క ఉరికి ఎత్తబోయేది.

"ఎత్తకు," అనేవాడు ముత్యాలు మంచంమీదినుంచి.

"పడ్డడు గదా."

"పడనియ్యి. నన్ను గూడ నువ్వు ఎత్తినన్ని రోజులు నాకు నడక రాలే."

ఆమె చేతులు కట్టుకుని నిలబడేది. దొర లేచేవాడు. మళ్ళీ పడేవాడు. ఒకరోజు పడకుండా గడప దాకా పోయాడు. అక్కడ కూర్చుని, ఏదో పెద్ద పని చేసినవాడిలా వెనక్కి తిరిగి చూశాడు. ముత్యాలు చప్పట్లు కొట్టాడు. కుట్లు విప్పేనాటికి దొర మంచం ఎక్కుతున్నాడు. గోడకు ఆనించిన ముత్యాలు జైపూర్ పెట్టుడు కాలుమీద గోళ్ళు గీకి పదును పెట్టుకుంటున్నాడు.

"గీకు కొడుకా, గీకు," అనేవాడు ముత్యాలు. "ఆ కాలికి నొప్పి లేదు."

సారక్క దొరను దీపాల గదికి తీసుకుపోతానంది. వెంకటేశ్వరరావు తల అడ్డంగా ఊపాడు.

"వద్దు సారక్కా. నాలుగు కాళ్ళ పిల్లికే జనం వెనక్కి తిరిగారు. కాలు లేని పిల్లిని చూస్తే షిఫ్టే దిగరు. పైగా ఈ కాలు పోయింది ఇక్కడే. ఇంట్లో ఉంచుకోరాదూ?"

"ఎలుకలు మళ్ళ తీగలు కొరుకుతున్నయ్ సార్. చితికిన తీగతోటి దీపం ఇయ్యమంటరా?"

"ఈ పిల్లి పడుతుందా ఎలుకల్ని?"

"పట్టకుంటె నేనే తీసుకపోత."

ఆయన ఒప్పుకున్నాడు. ఆయన మంచి మనిషే. పిల్లికోసం హాలేజీ ఆపిన రోజు కేకలు వేసినవాడే, ఆ వారంలోనే ఒక రూలు పెట్టాడు. మనుషులు పట్టాలు దాటి దిగుడుబాటలోకి పోయేదాకా తాడు కదపకూడదని. ఆ రూలు ఎందుకు వచ్చిందో ఆయన చెప్పలేదు. ఇంజను ఆపరేటరు మాత్రం దాన్ని దొర ఆర్డర్ అంటాడు.

మొదటి రోజు సారక్క పలక పెట్టలేదు. దొరను దాచలేదు. కిటికీ బల్లమీద, బిళ్ళల పక్కన, అందరికీ కనపడేలా కూర్చోబెట్టింది. చూడాల్సిందేదో ముందే చూసెయ్యండి అన్నట్టు. వెంట్రుకలు ఇంకా పూర్తిగా రాలేదు. ఒక పక్క గులాబీ రంగు చర్మం కనపడుతోంది. దొర మాత్రం తల ఎత్తి కూర్చున్నాడు.

మనుషులు ఆగారు. చూశారు.

"దొర సిక్ లీవు అయిపోయినట్టుంది."

"ఇప్పుడు శకునం ఎట్లరా? నాలుగు కాళ్ళకు పూరా అపశకునమైతె, మూడు కాళ్ళకు?"

"పావు తక్కువ."

"పావు తక్కువైతె బిళ్ళ వాపసు ఇయ్యాల్నా వద్దా?"

"సగం నీళ్ళు తాగి దిగు."

సారక్క నవ్వలేదు. పేర్లు పిలిచింది. బిళ్ళలు ఇచ్చింది. "పోయి రా," అంది ఒక్కొక్కరితో. ఆఖరి బిళ్ళ ఇచ్చి తిరిగేసరికి బల్లమీద దొర లేడు.

బయట మనుషులు పట్టాల దగ్గర ఆగిపోయి ఉన్నారు. వాళ్ళ ముందు, పట్టాల ఇవతల అంచున, దొర నిలబడి ఉన్నాడు. తాడు కదలడం లేదు. అందరికంటే ముందు దేవ్లా ఉన్నాడు. అతని చేతిలో కర్ర ఉంది.

సారక్క పరుగెత్తలేదు. కిటికీ దగ్గరే నిలబడింది. అలవాటుగా కుడిచెయ్యి చాపి బల్లమీద పెట్టింది, వాపసు వచ్చే బిళ్ళలు తీసుకోవడానికి. వస్తే తీసుకుంటుంది. కొక్కేలకు తగిలిస్తుంది. రేపటినుంచి దొర ఇంట్లో ఉంటాడు. అది కూడా బతుకే. అలా అనుకుంది.

దొర మొదటి పట్టా దాటాడు. నడిచినప్పుడు తల ఒకసారి కిందికి వంగి లేస్తుంది. ఎవరికో తలవంచి దండం పెడుతున్నట్టు ఉంటుంది. రోలరు దగ్గర ఆగాడు. దాన్ని వాసన చూశాడు. చాలాసేపు చూశాడు. తాడు మీదినుంచి దూకాడు. అవతల దిగేటప్పుడు ఒంటి ముందుకాలిమీద బరువు పడి కొంచెం తూలాడు. పడలేదు. నిలదొక్కుకున్నాడు.

సారక్క ఎడమచేత్తో బల్ల అంచును పట్టుకుంది.

దేవ్లా కర్రను చంకలో పెట్టుకున్నాడు.

"దొరా, జల్దీ దాటు," అన్నాడు. "మా మస్టర్ పోతది."

దొర జల్దీ దాటలేదు. రెండో పట్టామీద కూర్చుని పాదం నాక్కున్నాడు. మనుషులు మంచులో నిలబడి, ఊపిరి పొగలు వదులుతూ, అతను లేచేదాకా ఆగారు. అతను లేచి రాళ్ళ గుట్ట వైపు పోయాక దేవ్లా అడుగు వేశాడు. అతను పట్టాలు దాటాడు. అతని వెనక కోటేష్ దాటాడు. వీరేందర్ దాటాడు. ఒకరి వెనక ఒకరు, దీపాలు వెలిగించుకుంటూ, దిగుడుబాటలోకి పోయారు. ఎవరూ వెనక్కి తిరగలేదు.

సారక్క చెయ్యి ఇంకా చాపే ఉంది. అందులో ఒక్క బిళ్ళా పడలేదు.

ఆమె తిరిగి గోడ వైపు చూసింది. కొక్కేలన్నీ ఖాళీగా ఉన్నాయి. సాయంత్రానికి నిండుతాయి. ఆమె కుర్చీని ఎండ పడే చోటికి జరిపి, దానిమీది దుమ్ము కొంగుతో దులిపింది. దొర వస్తాడు. తను నిలబడి దీపాలు తుడవడం మొదలుపెట్టింది.